దిబ్బ మీదికి దారి

కైకలూరు వైపు చేపల చెరువుల మధ్య ఒక దిబ్బ మీద మా క్రైస్తవ సంఘం సమాధులున్నాయి. అక్కడికి వెళ్ళే దారిని చెరువుల వాళ్ళు గట్టులో కలిపేసి గేటు పెట్టారు. అప్పటినుంచి శవపెట్టెను పడవ మీద తీసుకెళ్తున్నాం. కిందటిసారి పడవ ఒరిగి పెట్టె జారబోయింది. అది చూసిన దగ్గరనుంచి మా సంఘంలోకెల్లా పెద్దావిడకు ఒకటే దిగులు. భర్త ఆ దిబ్బ మీదే ఉన్నాడు.

"నన్నూ నీళ్ళ మీదేనా నాయనా?" అని ప్రతి ఆదివారం అడుగుతుంది.

దారి ఉండేదని రుజువు తెమ్మన్నారు తాసీల్దారు ఆఫీసులో. సంఘ పెద్దను గనక తిరుగుడంతా నాదే. కాళ్ళు లాగేస్తున్నాయి. చివరికి తాడేపల్లిగూడెం ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే మా విశ్వాసి ఒకాయన పాత సర్వే మ్యాపు నకలు తెచ్చిచ్చాడు.

ఆరాధన అయ్యాక గుడిలో చాప మీద పరిచాం. చుక్కల గీతగా దారి కనబడగానే అందరూ "స్తోత్రం" అన్నారు. నేను అనలేకపోయాను. ఆ గీత మా పేటలో మొదలు కాలేదు. ఊళ్ళో రైతుల ఇళ్ళ దగ్గర మొదలై, మా పేట మీదుగా దిబ్బకు పోయింది. దిబ్బ మీద మా సమాధుల గుర్తు పక్కనే, శవాలను కాల్చే చోటు అని ఇంగ్లీషులో రాసి ఉంది.

మా అర్జీలో 'ఆ దిబ్బ మొదటినుంచీ మా సంఘానిదే' అని ఉంది. రాసింది నేనే. సమాధుల పండక్కి సున్నం వేసేటప్పుడు పెద్దలు చెప్పుకునే మాట అది. ఎవరినీ అడగకుండా రాసేశాను. దిబ్బ మీద మేం పాతిన బోర్డు మీదా అదే మాట.

"ఆ కాల్చే చోటు కనబడకుండా మడిచి జిరాక్సు తీయించండి మాస్టారూ. మనకి దారి చాలు కదండీ" అన్నాడు సాటి పెద్ద ఒకాయన.

"దేవుడు మడత విప్పుకోలేడనా?" అంది పెద్దావిడ.

అబద్ధ సాక్ష్యం పలకవద్దని నలభై ఏళ్ళు సండేస్కూల్లో చెప్పినవాణ్ణి. మర్నాడు మ్యాపు పట్టుకుని ఊళ్ళో ఒక ముసలి రైతు ఇంటికి వెళ్ళాను. దిబ్బ మీకూ మాకూ కూడా అని రాసిన కొత్త అర్జీ మీద ఇద్దరం సంతకం పెడదామన్నాను.

"మా తాతని కాల్చింది అక్కడేనండి. మీరు బోర్డు పాతేశారు కదాని మేం రావడం మానేశాం. గొడవెందుకని ఊరుకున్నామండి" అన్నాడాయన నెమ్మదిగా. "ముందు ఆ బోర్డు తీయించండి, పెడతాను."

బోర్డు తీయించాం. ఆయన సంతకం పెట్టాడు. మ్యాపు మడవకుండానే ఇచ్చాం. సర్వేయరు రావాలి, ఆలస్యమవుతుందన్నారు ఆఫీసులో.

ఆ మాటే పెద్దావిడకు చెప్పాను. నిట్టూర్చింది.

"అయితే ఇంకొన్నాళ్ళు బతకమంటావు. సరే, ఏం చేస్తాను."