దేవుని గదిలో చిత్రిక

కోడుమూరు చర్చిలోని ప్రసంగబల్ల లేవి చేసిందేనని ఊళ్లో అందరికీ తెలుసు. ప్రతిష్ఠ రోజున దానిమీది గుడ్డ తీసేసరికి, ముందువైపు ఇత్తడి రేకు మీద ఇంకొకరి పేరుంది. వేపకొయ్య కొనిచ్చిన సంఘపెద్ద కొడుకు పేరు. "చేసి సమర్పించినవారు" అని చెక్కించారు. ఆ కొడుకు జన్మలో ఒక్క మేకు కూడా కొట్టి ఎరగడు. లేవి ఆ పూట వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ తిరిగాడు.

అదే సంఘంలో పెరిగి, అప్పుడు ఇంటర్ చదువుతున్న క్రాంతి కుమార్‌కి ఒళ్లు మండిపోయింది. "ఆ రేకు పీకెయ్యమని అడుగన్నా" అని లేవి వెంటపడ్డాడు.

"బల్ల బాగుండాదా లేదా, అది చెప్పు" అన్నాడు లేవి.

అంతే. తను పడ్డ కోపమంతా ఆ మనిషికి అక్కర్లేకుండా పోయింది. క్రాంతి అది మర్చిపోలేదు.

కొన్నేళ్లకు ఇద్దరూ కర్నూల్లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఇళ్లలో తేలారు. లేవి మందుల షాపులో పని చేసేవాడు. అతని భార్య ప్రేమజ్యోతి నర్సు. క్రాంతి తల్లితో ఉంటూ గ్రూప్స్ రాసేవాడు, తప్పేవాడు, మళ్లీ రాసేవాడు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు వంటింటి గడప మీద కూర్చుని చదివేవాడు. ఉన్న ఒక్క గదిలో తల్లి సీరియళ్లు మోగుతుండేవి.

లేవి ఇల్లు కొంచెం పెద్దది. అందులో దేవుని గది ఉంది. తలుపు నిండా చిన్న చిన్న ఇత్తడి గంటలు, లోపల విగ్రహాలు పెట్టుకోవడానికి నల్లరాతి అరుగు. కిరస్తానం ఇంటికి ఆ గదితో ఏం పని? లేవి అందులో పనిబల్ల వేసుకున్నాడు. చప్పుడు కింది ఇంటికి పోకుండా బల్లకాళ్ల కింద పాత బొంత మడిచి పెట్టాడు. పలకలు బజార్లో కోత మిషను దగ్గరే కోయించుకొచ్చి, ఇంట్లో చిత్రిక పట్టి నునుపు చెయ్యడం, ఉలితో చెక్కడం మాత్రమే చేసేవాడు. నల్లరాతి అరుగు మీద ఉలులు వరసగా పడుకునేవి.

సాయంత్రం షాపు నుంచి రాగానే గంటలు గలగలమనేవి, తలుపు మూసుకునేది. ఇక ఆ మనిషి లేడు. ప్రేమజ్యోతి గ్యాస్ అయిపోయిందని అరిచినా పలికేవాడు కాదు. బయటికొచ్చేటప్పుడు జుట్టులో కొయ్యపొట్టు, ముఖంలో కడుపు నిండా తిన్నవాడి తృప్తి. ఎదురింట్లోంచి క్రాంతి ఆ ముఖాన్ని చూసేవాడు. లేవి షాపులో పెద్దగా సంపాదించేదేమీ లేదు, అతన్ని పొగిడే నాథుడూ లేడు. అయినా ఆ తలుపు వెనక వాడికేదో దొరుకుతోంది. ఇన్ని పుస్తకాలు చదివినా తనకు దొరకనిది!

ఒకసారి పట్టలేక లోపలికి వెళ్లి, "నేనూ తోస్తానన్నా" అని చిత్రిక అందుకున్నాడు. కొయ్యలో నార సాగిన దిక్కుకు ఎదురు తోశాడు. పలక పెచ్చులు లేచింది. లేవి తిట్టలేదు. చేతిలోంచి చిత్రిక తీసుకుని, పలక తిప్పి, పని సాగించాడు, పక్కన మనిషి ఉన్నాడన్న సంగతే మర్చిపోయినట్టు. క్రాంతి కాసేపు నిలబడి వచ్చేశాడు.

రెండిళ్లకూ యజమాని నాగలక్ష్మమ్మ లేవి ఇంటి కిందే ఉండేది. భూములున్న ఇంటి మనిషి. ఏటా అహోబిలం పోయి వచ్చి పైకి ప్రసాదం పంపేది. ప్రేమజ్యోతి వద్దనలేక రెండు చేతులా తీసుకుని, వాచ్‌మన్ భార్య ఈరక్కకు ఇచ్చేది. ఒకరోజు మెట్ల దగ్గర నాగలక్ష్మమ్మ క్రాంతిని ఆపింది.

"ఏం మనిషప్పా మీ లేవి! కిరస్తానోడైనా దినామూ సాయంత్రం నా దేవుని గదిలో దీపం పెడతాండాడు. గంటలు వినపడతానే నేనూ కింద నుంచే దండం పెట్టుకుంటా. నువ్వుండావు, ఆదివారం చర్చికి గూడ పోవు."

క్రాంతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఏమీ చెయ్యకుండానే వీడికి ఈ పొగడ్త కూడానా?

"దీపం యాడిదమ్మా? ఆడ వాడు కొయ్య చెక్కుతాండాడు. దేవుళ్లుండాల్సిన అరుగు మీద ఉలులుండాయి. పోయి చూడు."

ఆమె అప్పటికప్పుడే పైకి నడిచింది. క్రాంతి తన ఇంట్లోకి దూరి, తలుపు ఓరగా పెట్టి నిలబడ్డాడు. ఎదురింట్లో గంటలు మోగాయి. ఆ తర్వాత నాగలక్ష్మమ్మ గొంతు.

"ఇన్నాళ్లూ నేను కింద కూచోని నీ ఉలికి దండం పెట్టినానా?"

"గంట కొట్టింది నేను కాదమ్మా, మీ తలుపు."

"ఎకసెక్కాలా?"

"కాదమ్మా. మీరెప్పుడూ అడగల్యా, నేను చెప్పల్యా. మేం కిరస్తానోళ్లమని మీకు తెల్సు గదా."

"తెల్సు. అందుకేరా సంబరపడితిని! ఎదురింటి పిల్లోడు చెప్పకపోయింటే ఇంకెన్నాళ్లు మొక్కుతాంటినో. తీసెయ్ ఇవన్నీ. లేదంటే ఇల్లే ఖాళీ చెయ్."

ఎదురింటి పిల్లోడు ఓరతలుపు మూసేశాడు.

బల్ల బాల్కనీలోకి మారిస్తే సరిపోయేది. కానీ అక్కడ కర్నూలు పడమటెండకు పలకలు పగుళ్లిస్తాయి. "కొయ్యముక్కల కోసం ఇల్లు మారతావా?" అని ప్రేమజ్యోతి గొడవపడింది. లేవి కొయ్యముక్కల కోసమే ఇల్లు మారాడు. కడపలో ఆమె అక్క ఇంటి దగ్గర ఇల్లు, ఇంకో మందుల షాపులో పని చూసుకున్నాడు.

వాళ్లు వెళ్లేదాకా క్రాంతి ఒక తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే తనూ నాలుగు అనేవాడు. మనసు తేలికయ్యేది. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా లేవి "తిన్నావాప్పా?" అని మామూలుగా అడిగి వెళ్లేవాడు. అది తిట్టు కన్నా ఎక్కువ మండేది.

సామాను ఎక్కించే రోజున పనిబల్లకు ఇంకో చెయ్యి కావలసి వచ్చింది. లేవి ఎదురింటి తలుపు తట్టి, క్రాంతినే పిలిచాడు. ఇద్దరూ మెట్లన్నీ దిగి, బల్లను టెంపోలోకి ఎక్కించారు. లేవి తాడు బిగించి కట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఇల్లు ఖాళీ అయ్యింది. ఆయమ్మను అడిగి మీరు తీసుకోండప్పా. చదువుకునేదానికి చోటు లేదంటావు గదా. ఆ గదిలో తలుపేసుకుంటే టీవీ వినపడదు" అన్నాడు.

క్రాంతి తలూపాడు. లేవి బండి ఎక్కబోతూ ఆగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"చదువు సరేప్పా. నీకోసమని లోపల కూచోని ఏం చేస్తావు క్రాంతీ?"