మాబున్నక్క కూర్చున్న మధ్యాహ్నం

మొన్న ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి ఉంటే, కాగిన నూనెలో మిరపకాయ బజ్జీలు పడిన చప్పుడు వినిపించింది. వెనకే ఆ ఘాటు తాకింది. దగ్గు ఆపుకోలేకపోయాను. కళ్లు చెమర్చింది ఘాటుకేనని పక్కనున్నవాళ్లు అనుకొని ఉంటారు. నాకైతే మాబున్నక్క గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో మగ్గం పని సరిగా సాగక, మా ఆయన ఆదోనికి వచ్చి నూనె మిల్లులో చేరాడు. నేనూ ఏదో ఒకటి చేయాలి. పత్తి జిన్నింగు మిల్లుకు ఎదురుగా, రేకుల కొట్టులో ఉగ్గాని బజ్జీలు అమ్మే మాబున్ని దగ్గర పనికి కుదిరాను. భర్త పోయాక ఆ కొట్టును ఆమె ఒక్కతే నడుపుకొస్తోంది. బొరుగులు తడిపి పిండడం, పోపులో కలిపి పప్పుల పొడి చల్లడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మధ్యాహ్నం మిల్లు వదలగానే, తలల నిండా దూది పోగులతో కూలీలు పరుగున వచ్చేవాళ్లు. బల్ల మీద కూర్చుంటే తప్ప ఆమె ప్లేటు చేతికిచ్చేది కాదు. "కూసోని తినప్పా, మిల్లు యాడికి పోతాది?" అనేది. తింటున్నంతసేపూ ఊర్లో వాన పడిందా, బిడ్డకు జొరం తగ్గిందా అని అడిగేది. ఒకరోజు కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన ఒకామె ప్లేటు ఒడిలో పెట్టుకొని ఏడుస్తోంది. "బాణలి నువ్వు సూసుకో ఈరమ్మా" అని నాకు అప్పగించి, అక్క వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. ఆమె తినేదాకా ఊరికే కూర్చుంది. ఆ రోజు నేను కొన్ని బజ్జీలు మాడ్చాను కూడా. అక్క వాటినీ చూడలేదు.

కొన్నేళ్లకు, బెంగళూరులో పని చేసి వచ్చిన ఒకాయన బజారులో 'ఫాస్ట్ ఫుడ్' అని బోర్డు కట్టాడు. కుర్చీలు లేవు, ఎత్తయిన బల్లల దగ్గర నిలబడి తినడమే. ఊరంతా వింత చూద్దామని పోయి తిని వచ్చింది. మిల్లు కూలీలూ మొదట సరదాకే వెళ్లారు. తిండి అంత త్వరగా దొరుకుతుంటే అంతసేపు విరామం ఎందుకని మిల్లువాళ్లు దాన్ని సగానికి కోసేశారు. ఆ తర్వాత కూలీలకు మా బల్ల మీద కూర్చునే తీరికే లేకపోయింది. "తిండి బిరీన దొరికితే తీరిక మిగలాల గదా ఈరమ్మా? ఉండేది కూడా పాయనే!" అంది అక్క, ఖాళీ బల్ల తుడుస్తూ.

కొట్టు మూతపడింది. చివరికి మేమిద్దరం ఆ కొత్త హోటలు వంటింట్లోనే చేరాం. పొద్దున్నుంచీ నిలబడే పని. ఎవరి తిండి వాళ్లు, వీలు దొరికినప్పుడు, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు మింగడమే. సాయంత్రానికి అక్క కాళ్లు బూరెల్లా ఉబ్బేవి.

ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి తగ్గించి, పళ్లెంలో అన్నం పెట్టుకొని నేల మీద కూర్చుంది. "రాండి, తిందాం" అని పిలిచింది. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ వంటింట్లో ఉన్నవాళ్లమంతా కూర్చున్నాం. యజమాని వచ్చాడు.

"ఇదేందమ్మా? బయట జనాలు కాసుకోనుండారు!"

"వాళ్లు ఇప్పుడొచ్చినారప్పా. మేము పొద్దున్నించీ నిలబడుండాము."

"నచ్చకుంటే పో."

"పోతా. తిని పోతా."

నేను లేవబోయాను. అక్క నా మోకాలి మీద చేయి వేసి నొక్కింది. "నువ్వుండు. నీకు సంసారముంది" అంది మెల్లగా. నిదానంగా తిని, పళ్లెం కడిగి బోర్లించి, కొంగు దులుపుకొని వెళ్లిపోయింది. మరుసటి రోజు అదే వేళకు మేమంతా మళ్లీ కూర్చున్నాం. ఒకరినైతే పంపగలిగాడు గాని, అందరినీ పంపితే హోటలు నడవదు. యజమాని గుమ్మం దాకా వచ్చి, తిరిగి గల్లా దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్క గూడూరులో తమ్ముడింటికి చేరింది. ఒక సెలవు రోజు వెతుక్కుంటూ వెళ్లాను. బాగా చిక్కిపోయింది.

"ఇంగా కూసోనే తింటాండారా?"

"తింటాండాం అక్కా."

పేరు పేరునా అందరినీ అడిగింది. తర్వాత ముఖం అటు తిప్పుకొని, "నేనూ ఆడుంటే బాగుండు" అంది. అంత ధైర్యంగా వెళ్లిపోయిన మనిషికి ఇంత బెంగ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెను చూడడం అదే చివరిసారి.

ఆ తర్వాత చాలా ఏళ్లు వంటిళ్లలోనే బతికాను. కొత్తగా చేరిన ఆడపిల్లలను మొదటిరోజు నా పక్కన కూర్చోబెట్టుకొని తినిపించేదాన్ని. ఇదెవరు పెట్టిన పద్ధతని అడిగితే అక్క పేరు చెప్పేదాన్ని. ఎట్లుండేదని అడిగేవాళ్లు. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. పొట్టిగా, చామనఛాయగా అని మొదలుపెట్టేదాన్ని. ఇంతలో "కూసోని తినప్పా" అనే ఆ గొంతు నా చెవిలో పడేది. ఆ గొంతును వాళ్లకు ఎలా వినిపించను?