ఆది జాకెట్టు వద్దన్న జమీలక్క

కొత్త గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనినప్పుడు వచ్చే వేడి వాసన ఎక్కడ తగిలినా, గిద్దలూరులో జమీలక్క కుట్టు దుకాణం ముందు నిలబడినట్టే ఉంటుంది నాకు. మా వీధి ఆడవాళ్ళందరికీ ఆమే కుట్టేది. మిగతా టైలర్లకు పాత జాకెట్టు ఒకటి ఆదికిస్తే చాలు, అదే కొలతకు కొత్తది కుట్టేస్తారు. జమీలక్క మాత్రం ఆది జాకెట్టు ముట్టుకునేది కాదు. ప్రతిసారీ టేపుతో కొలిచి, నోటుబుక్కులో పాత కొలత పక్కన కొత్తది రాసుకునేది. ఎవరైనా తాకితే ముడుచుకుపోయే నాకు అదొక శిక్ష.

“నిరుడున్నట్ల ఈ యేడు ఉంటదా మనిషి? చేతులెత్తు పాపా,” అనేది.

డిగ్రీ అయిపోయిన వేసవిలో నేను బాగా చిక్కిపోయాను. అమ్మ ఎండలనుకుంది. చుట్టాలు సన్నబడి బాగున్నానన్నారు. ఆ మెప్పు నాకు నచ్చింది కూడా. ఎన్ని నీళ్ళు తాగినా నోరు ఎండిపోవడం, ఎంత తిన్నా ఆకలి, మాటిమాటికీ బాత్రూముకు పరిగెత్తడం, ఇవన్నీ డైరీలో రాసుకున్నానే గాని ఎవరితోనూ అనలేదు.

పిన్ని కూతురి పెళ్ళికని జాకెట్టు గుడ్డ తీసుకెళ్ళాను. జమీలక్క నడుము కొలిచి, పుస్తకం చూసి, మళ్ళీ కొలిచింది. రెండు నెలల్లో నాలుగంగుళాలు తగ్గింది. నీళ్ళెన్ని తాగుతున్నావు, ఒంటికెన్నిసార్లు పోతున్నావు అని ఇంకో ఇద్దరి ముందే అడిగేసింది. ఏం లేదన్నాను.

“సిగ్గు తర్వాత పడుదువులే. ముందు చెప్పు.”

చెప్పాను. ఆమె మిషను ఆపి, నాతోపాటే మా ఇంటికి వచ్చింది. నాయనకు ఏళ్ళుగా షుగరు. ఆయన మీటరుతోనే నా రక్తం చూశారు. అంకె రాలేదు, మీటరు కొలవలేనంత ఎక్కువట. అమ్మ కంగారుగా నాకివ్వడానికి నాయన మాత్ర ఒకటి సగానికి విరిచింది. జమీలక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

“అన్న షుగరు లాంటిది కాదు వదినా ఇది. మా తమ్ముడు ఇట్లనే చిక్కిపోయినాడు. మేము రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాం. మీరు ఈ పొద్దే పోండి.”

తమ్ముడు ఏమయ్యాడో అమ్మ అడగలేదు. గంటలో మార్కాపురం బస్సెక్కాం.

ఇంకో రోజు ఆగి ఉంటే స్పృహ తప్పేదన్నాడు డాక్టరు. నా ఒంట్లో ఇన్సులిన్ తయారుకావడం లేదట. చక్కెర రక్తంలోనే నిలిచిపోయి, ఒళ్ళు తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటోందట. ఇలా చిక్కడానికి క్షయ, థైరాయిడ్, క్లోమం వాపు కూడా కారణం కావచ్చని ఆ పరీక్షలూ చేయించాడు. అవేవీ లేవు. అప్పటినుంచి రోజూ ఇంజెక్షన్లే.

ఇంటికొచ్చేసరికి పెళ్ళి అయిపోయింది. నా గుడ్డ కత్తెర పడకుండా దుకాణంలో అలాగే ఉంది. కండ పట్టినాక కుడతాలే అంది అక్క. ఐదో తరగతి దాటని ఆమె నన్ను చూసినంత శ్రద్ధగా, అన్ని పుస్తకాలు చదివిన నేను నన్ను చూసుకోలేదు.

ఇప్పుడు ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. కొత్తవాళ్ళను పలకరించడం ఇప్పటికీ కష్టమే. మొన్న ఒక అమ్మాయి మూడోసారి నీళ్ళ సీసా నింపుకొని వచ్చింది. ఏం డైటింగే అని స్నేహితురాళ్ళు ఆటపట్టిస్తున్నారు. లేచి వెళ్ళి, ఈమధ్య బాగా చిక్కావా అని అడిగాను.

“ఏం లేదు మేడం,” అని తల దించుకుంది.

కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను.