జాడీల మీద తెల్లటి పూత

2022లో నేను ఒమన్‌లోని రుసైల్‌లో ఒక పంపుల కంపెనీలో టెక్నీషియన్‌ని. బోరుబావుల్లో సబ్‌మెర్సిబుల్ పంపులు, అంటే నీళ్లలో మునిగి పనిచేసే మోటార్లు దించడం, తీయడం మా డ్యూటీ. మార్చిలో నిజ్వా అవతల, వాదిని ఆనుకుని ఉన్న ఒక పల్లె నుంచి పిలుపు వచ్చింది. వాది అంటే వాన పడితేనే పారే ఏరు. మిగతా కాలమంతా గులకరాళ్లే. "పంపు ఇంకా కిందికి దింపి, పెద్దది బిగించి రండి" అని సూపర్‌వైజర్ రాసిచ్చాడు. నాతో జగిత్యాల ఓదెలన్న వచ్చాడు. ఈ పనిలో నాకంటే పదేళ్లు సీనియర్.

కస్టమర్ పేరు నాసిర్. అరవై దాటిన కుమ్మరి. నీళ్లు చల్లబడేందుకు తాడు కట్టి వేలాడదీసే మట్టి జాడీలు, జహ్లాలు, చేస్తాడు. షెడ్డు నిండా కాల్చిన జాడీలున్నాయి గానీ ఒక్కటీ అమ్మే స్థితిలో లేదు. అన్నిటి మీదా తెల్లటి పూత. గోరు తగిలితే పెచ్చులూడుతోంది.

"రెండేళ్ల కింద నీళ్లు తగ్గాయని పంపు దింపించాను. అప్పటినుంచీ ఇంతే" అన్నాడు ఉర్దూలో. "మట్టి అదే, ఆవం అదే, చేతులూ ఇవే. ఇంకా లోతుకి పోతే మంచినీళ్లు దొరకొచ్చు. దొరక్కపోతే చక్రం ఆపేస్తాను, సదీక్." సదీక్ అంటే అరబ్బీలో మిత్రమా అని.

ఆ తెల్లపొడి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"మనకు రాసిచ్చింది పంపు దించుడు. దించి పోదాం తమ్మీ" అన్నాడు ఓదెలన్న. "ఉత్తగ వాపస్ పోతే సూపర్‌వైజర్ ఊకుంటడా?"

ఒక్క గంట ఆగమన్నాను. నా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది. నీళ్లలో ఎంత లవణం కరిగి ఉందో చూపిస్తుంది. పంపు ఆన్ చేసి పది నిమిషాలకోసారి గ్లాసులో పట్టాం. మొదటి గ్లాసు నేనే తాగాను, బాగుంది. ఆ తర్వాత ప్రతి గ్లాసుకీ మీటర్‌లో అంకె పెరిగింది. చివరిది నాసిర్ నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. విషయం తేలింది. భూమిలో పైన మంచినీటి పొర, కింద ఉప్పునీళ్లు. గట్టిగా లాగేకొద్దీ కిందివి పైకి ఎక్కుతున్నాయి. ఇంకా దింపితే మిగిలేది ఉప్పే.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. "కస్టమర్ అడిగింది చెయ్యి" అన్నాడు.

"చేస్తే ఆయన పని పోతుంది సార్."

"సరే, నీ పూచీ మీద చెయ్యి. ఫెయిలైతే రిపోర్ట్‌లో నీ పేరే రాస్తా" అన్నాడు.

నీటి మట్టం చూసుకుని పంపును రెండు పైపుల మేర పైకి లేపాం. వాల్వ్ సగం మూసి టైమర్ పెట్టాం. ఇరవై నిమిషాలు నడవాలి, రెండు గంటలు ఆగాలి. నాసిర్ ముఖం వాడిపోయింది. "ఇంత సన్నధారతో మట్టి ఎప్పుడు నానేను?" అన్నాడు. ఆ ధార వైపు చూస్తూ ఉండి, కాసేపటికి తనే నవ్వాడు. "కొండ నుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చే కాలువ ఉండేది మాకు, ఫలజ్. మా నాన్న తన వంతు వచ్చేదాకా గట్టు మీద కూర్చునేవాడు. మోటారు వచ్చాక నాకు ఆ ఓపిక పోయింది."

మూడు వారాలకు ఫోన్ చేశాడు. జాడీల మెడల మీద మళ్లీ తెలుపు. స్పీకర్‌లో వింటున్న ఓదెలన్న, "పాత మట్టితోనే చేసిండేమో అడుగు. దాంట్ల ఉప్పు ఊరి ఉంటది" అన్నాడు. నాకు తట్టనే లేదు. నాసిర్ ఆ మట్టంతా పారబోసి, కొత్తది తవ్వి తెచ్చి, మంచినీళ్లతో నానబెట్టాడు.

మేలో ఒక శుక్రవారం రమ్మని పిలిచాడు. ఎర్రటి జాడీలు వరసగా వేలాడుతున్నాయి. మచ్చ లేదు. ఓదెలన్న చల్లటి నీళ్లు రెండు గ్లాసులు తాగి, "మా అవ్వ ఇంట్ల కుండ నీళ్ల లెక్కనే ఉన్నయి" అన్నాడు. నేను తర్జుమా చేస్తే నాసిర్ ఇంకో గ్లాసు నింపాడు.

ఇదివరకు ఏ సైట్‌కి వెళ్లినా బోరు ఎంత లోతని అడిగేవాణ్ని. ఇప్పుడు ముందు కూర్చుని, ఈ నీళ్లతో మీరేం చేస్తారని అడుగుతున్నాను.