నిలవ నీళ్ళలో కలపరు

నేను పుట్టు పిరికిదాన్ని. ఎత్తంటే భయం, లోతంటే భయం, కుక్కలంటే భయం, ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడాలంటే ఈ దేశం వచ్చిన కొత్తలో చచ్చేంత భయం. అలాంటిదాన్ని తీసుకొచ్చి న్యూజీలాండ్‌లో ఒక పెద్ద అడవికీ, దాని నడుమ ఉన్న సరస్సుకూ వచ్చే జనాన్ని చూసుకొమ్మని కూర్చోబెట్టారు. విజిటర్ సర్వీసెస్ లీడ్ అని నా చొక్కా మీద కుట్టి ఉంటుంది. "గొర్రెను తీస్కపోయి అడవికి కాపలా పెట్టిండ్రు" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అందులో మొదటి సగం నాకు పుట్టుకతోనే వచ్చింది. జారే రాయి, పొంగబోయే వాగు, చెప్పులేసుకుని కొండెక్కే కుర్రకారు అందరికంటే ముందు నాకే కనిపిస్తాయి. ఇక కౌంటర్ దగ్గర అడిగేవాటికి, వాన ఎప్పుడు వస్తుంది, బాత్రూం ఎటు, ఈ ట్రాక్ పిల్లలు నడవగలరా, ఇలాంటి ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబుంటుంది. భయపడేవాళ్ళు అన్నీ ముందే కనుక్కుని పెట్టుకుంటారు కదా.

ఈ పార్కును ప్రభుత్వం ఒక్కటే నడపదు. ఈ నేల తరతరాలుగా ఏ మావోరీ ఆదివాసీ కుటుంబాలదో ఆ కుటుంబాలూ ప్రభుత్వమూ కలిసి నడుపుతాయి. వాళ్ళ తరఫున మా ఆఫీసులో కూర్చునే పెద్దావిడను అందరం ఆంటీ అంటాం. ఇది నేను తెచ్చిన అలవాటు కాదు, వాళ్ళదే. తెల్ల రేంజర్లు కూడా ఆంటీ అనే పిలుస్తారు. చదువుకునే రోజుల్లో శాండ్రింగ్‌హామ్‌లోని మనవాళ్ళ కిరాణా కొట్టులో బిల్లులు కొడుతూ, వచ్చిన ప్రతి పెద్దామెనూ ఆంటీ అన్నదాన్ని కనుక నాకు ఆ ఒక్క పిలుపు కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు.

నేను చేరిన మొదటి రోజే ఆంటీ నన్ను సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళింది. "ఈ నీళ్ళు మా వంటిల్లు. ఇవే తాగుతాం, ఇందులోనే మలుగు చేపలు పడతాం. చావుకు సంబంధించింది ఏదీ ఈ నీళ్ళను తాకకూడదు" అని చెప్పింది. "నువ్వు గుమ్మం దగ్గర నిలబడే మనిషివి. లోపలికి ఏమొస్తోందో నువ్వే చూడాలి" అని కూడా అంది. అంతకు ముందెప్పుడో ఎవరో సందర్శకులు పడవలు కట్టే జెట్టీ మీద నుంచి చితాభస్మం కలిపి వెళ్ళిపోయారట. ఎవరన్నది తేలలేదు. పెద్దలు సరస్సును మూసేశారు. చాలాకాలం ఎవరూ చేప పట్టలేదు, పిల్లలు ఈతకు దిగలేదు. ఇంకోసారి అలా జరిగితే ట్రాకులన్నీ మూయిస్తామన్నారు. బూడిదను నీళ్ళలో కలపకపోతే పోయినవాళ్ళకు గతి లేదనుకునే జనం ఎవరో ఆంటీకి తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు.

మొన్న వేసవి చివర్లో నేను భయపడ్డదే జరిగింది.

అంతకు ముందు రెండు రోజులు వాన దంచికొట్టి ఆ ఉదయమే తెరిపిచ్చింది. టౌరంగా నుంచి పెద్దవాళ్ళను ఒకరోజు విహారానికి తీసుకొచ్చే వ్యాన్ వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళలో చీర మీద స్వెట్టర్, కాళ్ళకు స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒక అమ్మ నా ముఖం చూసి నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"తెలుగోళ్ళేనా బిడ్డా?"

"అవునమ్మా. మాది కరీంనగర్."

"మాది జగిత్యాల! ఇంత దూరమొచ్చి పక్కూరోళ్ళను కలిసినట్టయింది." నవ్వింది. బాత్రూం ఎటో అడిగింది. గోడకున్న పెద్ద మ్యాప్ ముందు చాలాసేపు నిలబడింది. తరువాత నీళ్ళ సీసా కోసం బ్యాగు తెరిచింది. లోపల రాగి చెంబు, దాని మూతికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. అదేమిటో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అమ్మా... ఇక్కడ కలపొద్దు. ఈ నీళ్ళు ఇక్కడోళ్ళు తాగుతరు. వాళ్ళకు చాన పట్టింపు" అన్నాను గొంతు తగ్గించి.

ఆమె గబుక్కున జిప్పు లాగేసింది. "మా ఆయన. యాడాదైంది. మా బిడ్డ ఇండియా పోదాం, గోదాట్ల కలుపుదాం అంటనే ఉన్నది. దానికి హాస్పిటల్ల సెలవు దొర్కది. ఇంట్ల పెట్టుకోవద్దంటరు గద? చెట్టుకు కడ్దమంటే అద్దింట్ల చెట్టు గూడ లేదు. గరాజ్‌ల, అట్టపెట్టెల నడుమ కూసున్నడు మనిషి."

"తప్పేం లేదమ్మా. కని ఇక్కడ వద్దు" అన్నాను.

"సరే బిడ్డా" అంది.

ఆ సరే చాలా తేలిగ్గా వచ్చింది. మన ఇళ్ళలో అంత తేలిగ్గా వచ్చే సరే ఎలాంటిదో నాకు తెలుసు. ఆమె వెళ్ళి జెట్టీ పక్క బెంచీ మీద కూర్చుంటే అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంతలో బడిపిల్లలు గుంపుగా వచ్చి పడ్డారు. వాళ్ళను సర్ది చూసేసరికి బెంచీ ఖాళీగా ఉంది. అటే ఎక్కడో నడుస్తోందిలే అని సర్దిచెప్పుకున్నాను.

మూడింటికి డ్రైవర్ లోపలికి వచ్చి, ఒకరు తక్కువయ్యారు, బ్యాగు తగిలించుకున్న ఇండియన్ పెద్దావిడ, అన్నాడు.

సరస్సు మైల పడుతుందన్న భయం, ఆంటీ ముఖం ఎలా చూడాలన్న భయం, గరాజ్‌లో కూర్చున్న మనిషి దగ్గరికే ఈమె కూడా వెళ్ళిపోదలచిందేమోనన్న భయం, మూడూ ఒకేసారి కమ్ముకున్నాయి. ఏది ముందు వచ్చిందంటే చెప్పలేను. ఆంటీ లోపలి గదిలో టీ తాగుతోంది. వెళ్ళి తలుపు తట్టాను.

"ఒక అమ్మ కనిపించడం లేదు. ఆమె దగ్గర అస్థికలు ఉన్నాయి" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆంటీ కప్పు కింద పెట్టింది. "ఎవరివి?"

"భర్తవి."

"ఆయన పేరేంటి?"

నేను అడగలేదు. తిడుతుందనుకుని అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను గానీ ఈ ప్రశ్నకు సిద్ధపడలేదు. ఆంటీ జాకెట్ తీసుకుంది.

రేంజర్లు వాకీటాకీలు పట్టుకుని జెట్టీ వైపు పరుగెత్తారు. ఇంతకు ముందు జరిగింది అక్కడే కదా. ఒకతను పడవ దించుతున్నాడు. నేనూ వాళ్ళ వెనకే పరుగెత్తి సగం దారిలో ఆగిపోయాను. సరస్సు అల కూడా లేకుండా నిలిచి ఉంది. మనవాళ్ళు నిలవ నీళ్ళలో కలపరు. చిన్నప్పుడు మా తాతవి కలపడానికి ఊరి చెరువును దాటుకునే కదా ధర్మపురి గోదావరి దాకా పోయాం. పారే నీళ్ళు కావాలి, మనిషిని ముందుకు తీసుకుపోయే నీళ్ళు కావాలి. గోడ మీది మ్యాప్‌లో ఆమె అంతసేపు వెతికింది సరస్సును కాదు. సరస్సు చివర నీళ్ళు బయటపడి, లోయలోకి వాగై దిగే ఆ నీలం గీతను.

రెండు రోజుల వాన తరువాత ఆ వాగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే దాని మీద హెచ్చరిక బోర్డు రాసింది నేనే. కానీ బాత్రూం కూడా నన్నడిగి వెళ్ళిన ఆమె ఇంగ్లీషు బోర్డు చదివి ఉండదు.

"ఆంటీ, అక్కడ కాదు. వాగు దగ్గర" అని అరిచాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇద్దరం పికప్ ఎక్కాం. ఆంటీ డ్రైవింగంటే కూడా నాకు భయమే. ఆ రోజు మాత్రం ఇంకా తొందరగా పోనిస్తే బాగుండుననిపించింది.

దారి చివర బండి ఆపాక ఆంటీ కర్ర పట్టుకుని మెల్లగా దిగుతోంది. నేను ముందు దిగాను. చెట్ల వేర్లు తడిసి జారుతున్నాయి. వాగు కనపడకముందే దాని హోరు చెవుల్లో పడింది. మలుపు తిరిగేసరికి ఒడ్డు మీద షూస్ కనిపించాయి. రెండూ పక్కపక్కన, మేజోళ్ళు మడిచి లోపల పెట్టి, పొందికగా ఉన్నాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒడ్డున అలా విడిచిన చెప్పుల కథలు ఎన్ని వినలేదు! "అమ్మా" అని అరిచాను. రెండోసారికి జవాబొచ్చింది.

"ఈడున్న బిడ్డా."

పది గజాల కింద, రాళ్ళ నడుమ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఒక చేత్తో ఒడ్డు మీది కొమ్మను పట్టుకుంది. రెండో చేత్తో చెంబును చంకకు అదుముకుంది. ఎర్రగుడ్డ ముడి ఇంకా విప్పలేదు. చీర కుచ్చిళ్ళను నీళ్ళు లాగుతున్నాయి.

"దిగిన కని ఎక్కస్తలేదు. కాళ్ళు వణుకుతున్నయి. చావనీకి రాలేదు బిడ్డా, కలిపి పోదామని వచ్చిన. గంతే" అని ఏడ్చింది.

నాకంటే ఎక్కువ భయపడ్డ మనిషిని ఈ దేశంలో అదే మొదటిసారి చూడటం. కూర్చుని జరుగుతూ, గడ్డి పట్టుకుని, ఏడుస్తూనే నీళ్ళ అంచు దాకా దిగాను. చెయ్యి చాపాను. ఆమెకు ఇవ్వడానికి ఖాళీ చెయ్యి లేదు. కొమ్మ వదిలితే తను పోతుంది, చెంబు వదిలితే ఆయన పోతాడు.

"చెంబు నాకియ్యండమ్మా."

"నువ్వు తీస్కపోతవ్. మళ్ళ ఆ గరాజ్‌కే పంపిస్తరు." చెంబును ఇంకా గట్టిగా అదుముకుంది. నీళ్ళు పెరుగుతున్నాయో, నా భయానికి అలా కనిపిస్తున్నాయో తెలియలేదు. ఆమె పట్టుకున్న కొమ్మ మాత్రం నిజంగానే వంగుతోంది.

అప్పుడు ఆంటీ వచ్చి నా వెనక నిలబడింది. ఆ అమ్మ వైపు చూడలేదు. చెంబును చూస్తూ, మావోరీలో, హోరును మించిన గొంతుతో పాడినట్టుగా పిలిచింది. తరువాత గొంతు దించి మాట్లాడసాగింది. గుమ్మంలోకి వచ్చిన చుట్టంతో మాట్లాడుతున్నట్టే ఉంది.

అమ్మ ఏడుపు ఆగింది. "ఎవలతోని మాట్లాడుతున్నది?"

"ఆయనతోని."

"ఆయనకు ఇనపడ్తదా?"

"వీళ్ళు పోయినోళ్ళతోని గట్లనే మాట్లాడుతరమ్మా. ఇనపడ్తదనే."

ఆమె చెంబు వైపు చూసింది. "పోయినకాడి నుంచి ఒక్కలు మాట్లాడలే ఆయనతోని. పేరెత్తితేనే మా బిడ్డ గరాజ్ తలుపేస్తది." ఆంటీ ఇంగ్లీషులో, ఆయన్ను ముందు రానివ్వమను, అంది. నేను అది తెలుగులో చెప్పాను. అమ్మ చెంబును నా చేతుల్లో పెట్టింది. అంత బరువుంటుందనుకోలేదు. దాన్ని నా వెనక గడ్డిలో ఆనించి, రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుని లాగాను. ఆంటీ నా నడుము పట్టుకుంది. ముగ్గురం బురదలో వెనక్కి పడ్డాం.

ఆంటీ సీసాలోంచి నీళ్ళు పోసి ముందు నా చేతులు, తరువాత ఆమె చేతులు కడిగించింది. "శవం కాడికి పోయొస్తే మనం గూడ కడుక్కుంటం గద" అని ఆమె ఆశ్చర్యపోయింది. దాంతో ధైర్యమొచ్చి, ఒక్క చిటికెడన్నా ఈ నీళ్ళలో కలపనిస్తుందేమో అడగమంది. నాకు తెలిసిన జవాబే అయినా అడిగాను. ఆంటీ ఆమె కళ్ళలోకి చూసి, వద్దు, అంది. కోపం లేదు, మెతకదనమూ లేదు. అందరం ఒక్కటే అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ఆ వద్దును వినాల్సింది. అమ్మ తల ఊపింది. ఈసారి సరే అనలేదు కాబట్టి నేను నమ్మాను. ఆంటీ ఆయన పేరు అడిగింది, అమ్మ చెప్పింది, ఆంటీ దాన్ని రెండుసార్లు పలికి సరిచూసుకుంది.

వ్యాన్ వెళ్ళిపోయింది. ఆమె కూతురికి ఫోన్ చేసి, వాళ్ళమ్మను నేనే టౌరంగాకు నా కారులో తీసుకొస్తున్నానని చెప్పాను. అమ్మ నా ఫ్లీస్ జాకెట్ కప్పుకుని, చెంబును ఒళ్ళో పెట్టుకుని, సీట్ బెల్ట్ ఇద్దరికీ కలిపి పెట్టుకుంది. అడవి దాటాక అడిగింది.

"పిల్లలెందరు బిడ్డా?"

"ఒక్కతే బిడ్డమ్మా. ఈడనే పుట్టింది."

"తెలుగు వస్తదా?"

"అర్థమైతది. మాట్లాడది."

ఆమె చెంబు మీది ఎర్రగుడ్డ ముడి సర్దింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి నిన్ను ఏడ కలుపుతది?"

నా కూతురికి నిలవ నీళ్ళకూ పారే నీళ్ళకూ తేడా ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పలేదు. బండి వేగం తగ్గించాను.

"చెంబు గట్టిగ పట్టుకోండమ్మా" అన్నాను. "ముందట మలుపున్నది."