గడ్డం దాకా వచ్చిన పొత్రం

మా రుబ్బురోలు ఓడలో న్యూజెర్సీ చేరింది. పిస్కాటవేలో మేం అద్దెకున్న ఇంట్లో గరాజ్ మూలన ఉండేది. వారానికోసారి దోసెల పిండికి తప్ప దానితో పనిలేదు. ఎనభైల మొదట్లో ఒక వసంతంలో వారంపాటు మాత్రం దాని పొత్రం గరాజ్ దూలానికి నైలాన్ తాడుతో వేలాడింది. ఆ రోజుల నా డైరీలో ఎండావానల మధ్య, ఆఫీసు పనుల మధ్య ‘సాయంత్రం పొత్రం’ అన్న రెండు మాటలు పదే పదే కనిపిస్తాయి.

నా భార్య ఇండియాలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇక్కడికి వచ్చాక లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేసేది. తెలిసినవాళ్ళందరిదీ ఒకటే సలహా: ఫిజిక్స్ మర్చిపో, ప్రోగ్రామింగ్ నేర్చుకో. తను సరేననలేదు, కాదనీ అనలేదు. ఈలోగా దగ్గర్లోని హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్ రిటైరవుతున్నారని తెలిసి అప్లై చేసింది. ఒక క్లాసు తీసుకుని చూపించమని పిలిచారు. ఇది రాకపోతే కంప్యూటర్ కోర్సులో చేరిపోతానని ముందురోజు నాతో అంది. మామూలుగానే అంది, కానీ ఆ మాట అంటూ గిన్నె కడిగిందే కడిగింది.

ఆ రోజు నేను స్కూలు పార్కింగ్‌లో కారులో కూర్చున్నాను. తను వచ్చి తలుపు వేసుకుంది.

“న్యూటన్ సూత్రాలు డిక్టేట్ చేశానండీ. ఒక్కళ్ళూ పెన్ను తియ్యలేదు. ఒకమ్మాయి చెయ్యెత్తి, ఇదంతా టెక్స్ట్‌బుక్‌లో ఉంది కదా అంది.”

“నువ్వేమన్నావు?”

“ఉన్నా రాసుకోమన్నాను.”

నాకు నవ్వొచ్చింది. తనకు రాలేదు.

“మన దగ్గర నోట్సు చెప్పని లెక్చరర్‌ని పనిదొంగ అంటారు. ఇక్కడ నోట్సు చెప్పేదాన్ని ఏమంటారో,” అంది.

ప్రిన్సిపాల్ మాత్రం మర్యాదగా ఒక మాట చెప్పాడట: మీకు విషయం బాగా తెలుసని మాకు అర్థమైంది, ఇప్పుడు పిల్లలకు తెలియనివ్వండి, వచ్చే వారం ఇంకొక్కసారి రండి అని.

ఆ సాయంత్రమే పొత్రం దూలానికి ఎక్కింది. పాఠం శక్తి నిత్యత్వం గురించి. నేను గోడకు దగ్గరగా నిలబడి, పొత్రాన్ని రెండు చేతులతో గడ్డం దాకా ఎత్తి వదలాలి. అది అవతలికి ఊగి తిరిగొస్తుంది. నేను కదలకూడదు.

“తొయ్యకండి, వదలండి అంతే. తోస్తే మీరిచ్చింది కూడా పట్టుకుని వస్తుంది,” అంది. “వదిలేసిన ఎత్తులో ఎంత శక్తి ఉందో అంతే దాని ఆస్తి. అందులో గాలీ తాడూ కొంచెం తింటాయి. మీ గడ్డాన్ని ముట్టుకోవడానికి ఇక దాని దగ్గర ఏమీ మిగలదు.”

నేను వంతెనల డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. వదిలాను. పొత్రం వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. వస్తున్నకొద్దీ పెద్దదవుతూ వచ్చింది. నా వీపు గోడకు తగిలాక గానీ అడుగు వెనక్కి వేశానని నాకు తెలియలేదు.

“మీరు ఇంజనీరేనా?”

“లెక్క నాకు తెలుసు. కాళ్ళకు తెలియదు.”

“మీరు కట్టిన బ్రిడ్జి కింద నిలబడతారు కదా?”

“అది నా మొహం మీదకు రాదు.”

వారమంతా ప్రాక్టీసు చేశాం. వారమంతా అంతే. పిల్లల్ని నిలబెట్టడానికి స్కూలు ఒప్పుకోదు, తను బోర్డు దగ్గర ఉండాలి. నేను తప్ప దిక్కులేదు.

రెండోసారి ఆఫీసుకు సగంరోజు సెలవు పెట్టాను. పొత్రాన్ని తువ్వాల్లో చుట్టి వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళాం. లాబ్ సీలింగ్‌కు ఉన్న కొక్కేనికి దాన్ని కట్టాం. తను ఈసారి రాసుకోమనలేదు. ఈ రాయి ఆయనకు తగులుతుందా లేదా అని అడిగి చేతులెత్తించింది. తగులుతుందన్నవాళ్ళే ఎక్కువ.

వదిలాను. పొత్రం అవతలి కిటికీ దాకా పోయి తిరిగొచ్చింది. నేను అడుగు వెనక్కి వేశాను.

క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక కుర్చీలో ప్రిన్సిపాల్ తల వంచుకున్నాడు. నా కారణంగా ఈ ఉద్యోగం పోయిందనుకున్నాను. నా భార్య మాత్రం నవ్వులు ఆగేదాకా చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడింది.

“ఈయన ఇంజనీరు,” అంది వాళ్ళతో. “ఈ సూత్రం బాగా తెలిసినవాడు. మరి ఎందుకు కదిలాడు?”

అందరూ ఒకేసారి మాట్లాడారు. మనిషికి భయం పుట్టుకతో వస్తుంది, సూత్రం బడికొచ్చాక వస్తుంది అన్నాడొకడు. ఈయన తనకు తెలియకుండా తోసి ఉంటాడు, తోశానేమోనని ఈయనకే అనుమానం అన్నాడు ఇంకొకడు. వాళ్ళను కాసేపు వాదించుకోనిచ్చి, “సరే, రాయి ఎక్కడ ఆగిందో ఎవరైనా చూశారా?” అని అడిగింది.

ఎవరూ చూడలేదు. అందరూ నన్నే చూశారు.

“అయితే మళ్ళీ చూద్దాం,” అంటూ నా చోట తను నిలబడింది. చీరకొంగు నడుముకు దోపి, పొత్రాన్ని గడ్డానికి ఆనించి వదిలింది. అది వెళ్ళి వచ్చింది. తన గడ్డానికి వేలెడు దూరంలో ఒక్క క్షణం నిలిచి వెనక్కి తిరిగింది. తను రెప్ప వేయలేదు. ఒకమ్మాయి (మొదటి రోజు ఇదంతా పుస్తకంలో ఉందన్నది ఆ అమ్మాయేనట) సంచిలోంచి పెన్ను తీసి ఏదో రాసుకోవడం కనిపించింది. ఎవరూ రాసుకోమనలేదు.

ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ కోర్సు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. కానీ ఏటా ఆ పాఠం వచ్చే రోజుకు నన్ను సెలవు పెట్టమనేది. “మీరు వెనక్కి తగ్గితేనే నా పాఠం ముందుకు వెళ్తుంది,” అనేది. ఏటా వెళ్ళాను, ఏటా తగ్గాను. ఒక్కసారీ నటించలేదు.

ఎనభైలు ముగిసే రోజుల్లో ఒక ఏడాది పొత్రం వచ్చింది, నా కాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అది గడ్డం ముందు ఆగింది. ఎన్నిసార్లు కడిగినా పోని మినప్పిండి వాసన లీలగా తగిలింది. అది వెనక్కి పోయింది. ఎవరూ నవ్వలేదు. నా భార్య ఒక్క నిమిషం తడబడి, బోర్డు వైపు తిరిగి ఏదో గీసి పాఠం నడిపించింది.

తిరిగి వస్తుంటే కారులో అడిగింది.

“ఎందుకు కదల్లేదండీ?”

“నమ్మకం కుదిరినట్టుంది.”

“ఇన్నేళ్ళకా?” అని చాలాసేపు నవ్వింది. తర్వాత వెనక సీట్లో తువ్వాలు జారిన పొత్రాన్ని ఒకసారి చూసి, “వచ్చే ఏడు లీవ్ పెట్టకండి. భయపడే మనిషిని ఇంకెవర్నైనా చూసుకుంటాను,” అంది.