బురుజు కడుపులో నీళ్లు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, నిండు ఎండాకాలంలో, ఎన్నికల కోడ్ వచ్చిన వారంలోనే నన్ను కోరుట్ల–కథలాపూర్ రోడ్డు మీది ఒక ఊరి బురుజు పనికి వేశారు. పురావస్తు శాఖలో నాది కన్జర్వేషన్ అసిస్టెంట్ ఉద్యోగం. పాత కట్టడాన్ని కొత్తగా మార్చకుండా ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం మా పని. జగిత్యాలలో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి. అంచనాలు మంజూరైనా పని మొదలుకాలేదు కాబట్టి, కోడ్ అయిపోయేదాకా ముట్టుకోవద్దన్నారు. చూస్తూ కూర్చోవడమే డ్యూటీ!

ఆ బురుజుకు బయట సున్నంతో కట్టిన రాయి, లోపల మట్టి. పైన పడ్డ వాన మట్టిలోకి దిగి, అడుగున వదిలిన రంధ్రాల్లోంచి బయటికి కారుతుంది. కట్టినవాళ్లు తెలిసే వదిలారు. కానీ ఆ నీళ్లు పోయేది బురుజు కిందే ఉన్న లచ్చవ్వ ఇంట్లోకి. ఆమె బీడీలు చుట్టేది. భర్త సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతూ వారానికోసారి వచ్చేవాడు. పొగాకు తడిసిపోతే బీడీ చుట్టరాదు. రంధ్రాల ముందు కాలువ తీసిమ్మని ఆమె ఏళ్లుగా అడుగుతోంది. మా అంచనాల్లో ఆ కాలువ ఉంది. కోడ్‌తో అదీ ఆగింది.

అప్పుడే ఒక అభ్యర్థి ప్రచారానికి వచ్చాడు. బురుజు ముందు మైకు పట్టుకుని, తాతల గుర్తులను కాపాడేవాడే లేడని, పురావస్తు శాఖకు బోర్డులు పాతడం తప్ప ఏమీ రాదని దంచాడు. లచ్చవ్వ లేచి నీళ్ల సంగతి చెప్పింది. మర్నాడే సిమెంటు బస్తాలు దిగాయి. అతని మనుషులు రంధ్రాలన్నీ మూసేసి, గోడ మీద ప్లాస్టరు కొట్టి, రంగు పూయడానికి పరంజా కట్టారు. మంజూరైన మా పనికి కోడ్ అడ్డం, రక్షిత కట్టడం మీద చేసే నేరానికి మాత్రం ఏదీ అడ్డం కాలేదు. పోలీసులు నా ఫిర్యాదు తీసుకుని పక్కన పడేశారు.

వెళ్లి అభ్యర్థికే చెప్పాను. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుందని, సిమెంటు వదలనివ్వదని, నీళ్లు లోపలే నిలిస్తే మట్టి ఉబ్బి రాళ్లను తోసేస్తుందని, కిందే ఇల్లుందని.

"సిమెంటు పెడితే గోడ గట్టిగయితదా, మెత్తగయితదా, సారూ? పాతదాన్ని పాతగనే ఉంచుడు గదేం కాపాడుడు?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. లచ్చవ్వ కూడా నా మాట నమ్మలేదు. ఇక ఇల్లు తడవదన్న సంబరంలో ఉందామె. కాలువ తియ్యని శాఖ మాట ఆమె ఎందుకు నమ్మాలి?

అతను గెలిచాడు. కోడ్ ఎత్తేశాక రంధ్రాలు తెరుస్తానని రాస్తే, మా శాఖ అనుమతి ఇవ్వలేదు. వానలు మొదలయ్యాయి. తూకం గుండు వేలాడదీసి చూసిన ప్రతిసారీ గోడ పొట్ట ఇంకాస్త ముందుకొచ్చేది. ఒక మధ్యాహ్నం కూలింది. లచ్చవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది కాబట్టి బతికింది. ఇల్లు సగం పోయింది.

గెలిచినాయన వచ్చి, శాఖ అడ్డుపడినందుకే బురుజు కూలిందని, మిగిలింది తీసేసి అదే చోట సిమెంటు కమాను కట్టిస్తానని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు! ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. నా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ చేసి, భారీ వర్షాలకు కూలిందని నివేదిక రాసెయ్యి, గొడవ ఉండదు అన్నాడు.

రాళ్లలో బీడీలు చుట్టే చాట వెతుక్కుంటున్న లచ్చవ్వ, ఏం రాస్తున్నారని అడిగింది. పైవాళ్లు రాయమన్నది చెప్పాను.

"వాన మీదికి తొయ్యకు సారూ. మా అత్త కాలం నుంచి కురుస్తనే ఉన్నది, ఎన్నడన్న కూలిందా? నేను అడిగిన్నని రంధ్రాలు మూసిండు. కూలినంక నా మొఖం సుత చూడలే."

రంధ్రాలు మూయడం వల్లే కూలిందని, మూయించినవాడి పేరుతో సహా రాశాను. నివేదిక అటకెక్కింది. నన్ను వేరే జిల్లాకు బదిలీ చేశారు. లచ్చవ్వ భర్త పనిచేసే సిరిసిల్ల పక్కనే, తంగళ్ళపల్లిలో కిరాయి గదికి మారింది. కమాను మీద ఇప్పుడు ఆయన పేరుంది.

చరిత్రను కాపాడతానని ఏ నాయకుడు మైకు పట్టినా నేను అడిగేది ఒకటే. వాన పడితే లోపలి నీళ్లు ఎటు పోతాయి? దానికి జవాబు తెలియనివాణ్ణి పాత గోడ మీద చెయ్యి వేయనివ్వకూడదు.